నీళ్లు పట్టి పెట్టుకోక తప్పని ఇంట్లో డెంగీ దోమను ఎలా ఆపాలి?

నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు నిల్వ పెట్టుకోక తప్పదు, డ్రమ్ములు ఒలకబోయమంటే పక్కింటివాళ్లు పోట్లాటకు వస్తున్నారు, ఏం చేయాలని అడిగారు. మాది కనిగిరి. బోరు నీళ్లలో ఫ్లోరైడు, మంచినీళ్లకు ట్యాంకరు. ఉన్న నీళ్లు పారబోయమంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

మూడేళ్ల కిందట మా చిన్నబ్బాయికి డెంగీ వచ్చి ఒంగోలు ఆసుపత్రిలో ఆరు రోజులున్నాం. అప్పటిదాకా నేనూ మురుగు కాలవనే తిట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త మా డ్రమ్ములో టార్చి వేసి చూపించింది. తేట నీళ్లలో సన్నటి దోమ పురుగులు, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. గుండె ఝల్లుమంది.

నా పొరపాటు ఏంటంటే, డ్రమ్ము ఖాళీ అయితే చాలనుకుని కడగకుండానే మళ్లీ పట్టేదాన్ని. డెంగీ దోమ నీటి అంచుకు కాస్త పైన డ్రమ్ము గోడకు గుడ్లు అంటిస్తుంది. ఎండిపోయినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. గుడ్డు దోమ అవడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి నీళ్లు పారబోయక్కర్లేదు. వారానికోసారి, డ్రమ్ము అడుగంటినప్పుడు, మిగిలినవి బట్టలో వడగట్టి బకెట్లోకి వంచుకుని, లోపలి గోడను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దండి. కడిగిన నీళ్లు ఎండ తగిలే నేల మీద పోయండి. మూతికి పాత పంచె కప్పి సైకిలు ట్యూబుతో బిగించండి. బట్ట కుంగి నీళ్లకు తగలకూడదు.

ఇక ఇరుగుపొరుగు. "తేట నీళ్లలో దోమలేంటే" అనేది పక్కింటి పెద్దమ్మ. నేను వాదించలేదు. మా డ్రమ్ము నీళ్లే గాజు గ్లాసులో పట్టుకెళ్లి, "ఇవి మా ఇంట్లోనే దొరికాయి పెద్దమ్మా" అన్నాను. కాసేపు చూసి, "మా గాబు కూడా చూద్దువు రా" అంది. తర్వాత వీధిలో నాకంటే ఆమే ఎక్కువ చెప్పింది. తప్పు మన ఇంటి నుంచి చూపిస్తే ఎదుటివాళ్లకు చిన్నతనం అనిపించదు.

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ సొంతంగా వేయకండి. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకోకండి, మా వాడికి కడుపునొప్పి, వాంతులు మొదలైంది అప్పుడే. అవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.