ఎగ్జామినర్ల లెక్కలు చూసి పేటెంట్ వ్యవహారం నడపొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "అమెరికాలో ఏ ఎగ్జామినర్ (అప్లికేషన్ పరీక్షించే ఆఫీసర్) ఎంత శాతం పేటెంట్లు ఇస్తాడో లెక్కలు తీసి, దాన్ని బట్టి అప్లికేషన్ ఎట్లా నడపాలి, అప్పీల్‌కు పోవాలా వద్దా అని లాయర్లు తేల్చుకుంటారట. నిజంగా పనికొస్తుందా? ఇండియాలో కూడా అట్లా చెయ్యొచ్చా?"

పనికొస్తుంది, కానీ జనం ఆశించే పనికి కాదు. ఆఫీసర్ మెత్తనోడా గట్టోడా అని తెలుసుకోడానికే ఎక్కువమంది ఆ శాతాలు చూస్తారు. నన్నడిగితే వాటికున్న ఉపయోగం ఒక్కటే: ఈ మనిషితో వాదించడం ఎక్కడ ఆపి పైవాళ్ళ దగ్గరికి పోవాలో తేల్చుకోవడం. మిగతాదంతా ఆయన రాసిన కాగితం చదివితేనే తెలుస్తుంది.

నేను హైదరాబాద్‌లో కొన్నేళ్ళు అమెరికా పేటెంట్ల పని చేసే కంపెనీలో ఉన్నాను, ఇప్పుడు కడపలో ఇంట్లో కూర్చుని అదే పని చేస్తున్నాను. అక్కడి పేటెంట్ ఆఫీస్ నుంచి అభ్యంతరం వస్తే జవాబు మేం డ్రాఫ్ట్ చేస్తాం, అక్కడి లాయర్ దిద్ది సంతకం పెట్టి పంపుతాడు. కొత్త ఫైలు రాగానే మా మేనేజర్ అడిగే మొదటి మాట "ఎగ్జామినర్ ఎవరు, అలవెన్స్ రేటు ఎంత?" అంటే ఆయన చూసిన అప్లికేషన్లలో ఎన్నిటికి పేటెంట్ ఇచ్చాడనే శాతం. రిజెక్షన్‌లో ఏం రాశారో ఎవరికీ అక్కర్లేదు. రేటు బాగుంటే నవ్వులు, తక్కువుంటే ఆ ఫైలు ముట్టుకోడానికే అందరికీ టెన్షన్. అనంతపురం జిల్లా సగటు వానను చూసి నా చేన్లో వేరుశనగ ఏ రోజు వెయ్యాలో చెప్పినట్టుంటుంది వ్యవహారం.

అమెరికాలో లెక్కలు నిజంగా అక్కరకొచ్చేది ఫైనల్ రిజెక్షన్ వచ్చాక. అప్పుడు ముఖ్యంగా రెండు దారులు. మళ్ళీ ఫీజు కట్టి, ఇంకోసారి పరీక్షించమని అడిగే ఆర్‌సీఈ వేస్తే అదే ఎగ్జామినర్ ఇంకోసారి చూస్తాడు, పైగా దానివల్ల ఆయన చెయ్యాల్సిన పని కోటాలో ఒక లెక్క పడుతుంది కాబట్టి ఆయనకొచ్చే నష్టమేమీ లేదు, రెండో ఆర్‌సీఈకి మొదటిదానికన్నా ఎక్కువ ఫీజు కట్టే క్లయింట్‌కే నష్టం. లేదంటే అప్పీల్ బోర్డుకు పోవాలి. ఎగ్జామినర్ పాత ఫైళ్ళు తీసి చూస్తే, ఫోన్‌లో ఇంటర్వ్యూ అయ్యాక దారికొచ్చే రకమా, క్లయింట్ విసిగి వదిలేసేదాకా ఆర్‌సీఈల మీద ఆర్‌సీఈలు వేయించే రకమా, అప్పీల్ బ్రీఫ్ (మన వాదన రాసిన కాగితం) పడగానే వెనక్కి తగ్గే రకమా తెలిసిపోతుంది. నేను చూసేది ఈ మూడోదే. ఎందుకంటే బ్రీఫ్ పడ్డాక ఎగ్జామినర్ ఒక్కడే జవాబు రాసి పంపడానికి లేదు, సూపర్‌వైజర్‌తోనూ ఇంకో ఎగ్జామినర్‌తోనూ కూర్చుని మాట్లాడాలి, ఆ ముగ్గురూ కూర్చున్నచోటే నిలబడని రిజెక్షన్లు చాలా వరకు లేచిపోతాయి. "బోర్డులో సగానికి పైగా ఎగ్జామినర్ మాటే నిలుస్తుంది, అప్పీల్ దండగ" అనేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళు బోర్డు దాకా చేరినవే లెక్కేస్తారు, మధ్యలో గెలిచి బయటపడ్డవి వాళ్ళ లెక్కలోకి రావు. ఇంకో సంగతి, అప్పీల్ గెలిస్తే అందులో పోయిన కాలాన్ని పేటెంట్ గడువుకు కలుపుతారు. మూడేళ్ళు దాటిన ఆలస్యానికి ఇచ్చే పొడిగింపులో మాత్రం ఆర్‌సీఈలో గడిచిన కాలాన్ని కలపరు. మందుల కంపెనీలకు ఇది కోట్ల మాట.

అలవెన్స్ రేటు చూసేవాళ్ళు ఇంకోటి కూడా మర్చిపోతారు. రిజెక్షన్ మీద పేరు జూనియర్ ఎగ్జామినర్‌ది ఉంటుంది, సంతకం పెట్టేది పైన ఇంకొకరు. జూనియర్ రేటు చూసి ఏం లాభం, అసలు ఒప్పించాల్సింది సంతకం పెట్టే ఆయన్ని. అనుభవం పెరిగేకొద్దీ ఎగ్జామినర్లు తక్కువ పాత పత్రాలు (ఇది ముందే ఉందని చూపే కాగితాలు) చూపించి ఎక్కువ పేటెంట్లు ఇస్తారని 2012లో మార్క్ లెమ్లీ, భవేన్ సంపత్ రాసిన పేపర్‌లో తేల్చారు. కాబట్టి కొత్త ఎగ్జామినర్ తక్కువ రేటును చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు.

ఇండియాకు వస్తే నేను చెప్పాలనుకున్నది మా బావ కథ.

మా అక్క వాళ్ళది యర్రగుంట్ల దగ్గర నాపరాయి పాలిషింగ్ యూనిట్. రాయి పాలిష్ చేసేటప్పుడు నీళ్ళు ధారగా పోస్తూనే ఉండాలి, ఆ నీళ్ళు రాతి పొడితో కలిసి తెల్లటి మడ్డి అయి తొట్టిలో పేరుకుపోతుంది, మడ్డి ఎత్తాలంటే మిషన్ ఆపాలి. మా సైడు నీళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఎండాకాలం ట్యాంకర్ కొనాల్సిందే. మా బావ పాత ఇనుప షీట్లు వంచి, తొట్టి లోపల పలకలు ఏటవాలుగా పెట్టి, మిషన్ నడుస్తుండగానే మడ్డి కిందికి దిగి పక్కకు పోయేట్టు, పైన తేరిన నీళ్ళు మళ్ళీ మిషన్‌కే వచ్చేట్టు ఒకటి తయారు చేసినాడు. ఎవరో చెబితే హైదరాబాద్ ఏజెంట్ ద్వారా పేటెంట్‌కు వేసినాడు. పరీక్ష రిపోర్ట్ వచ్చింది, చైనా తొట్టి ఒకటి చూపించి, ఇట్లాంటి తొట్లు ముందే ఉన్నాయి, ఇందులో కొత్త ఆలోచన ఏముంది అని. ఏజెంట్ జవాబు పంపినాడు. ఆ జవాబు నేను తర్వాత చూసినాను, మా బావ మిషన్ పేరు తీసేసి మిక్సీ అని పెట్టినా సరిపోయేట్టుంది. ఆ తర్వాత హియరింగ్ నోటీస్ వచ్చింది, దాని వెంటే ఏజెంట్ నుంచి వాట్సాప్: ఈ కంట్రోలర్ (పేటెంట్ ఇవ్వాలా వద్దా తేల్చే ఆఫీసర్) రేటు చాలా తక్కువ, ఎవరికీ ఇవ్వడు, హియరింగ్‌కు పోవడం దండగ, దీన్ని వదిలేసి మీ మిసెస్ పేరు మీద కొత్తగా వేద్దాం, ఆడవాళ్ళ అప్లికేషన్ అయితే త్వరగా చూస్తారు, వేరే ఆఫీసర్ దగ్గర పడుతుంది.

బావ ఫోన్ చేసినాడు. "ఏమప్పా, ఆయప్ప ఎవరికీ ఇయ్యడంట గదా, ఇంగ ఆ దుడ్లు పోయినట్లేనా?"

నాకు కోపం వచ్చింది ఏజెంట్ మీద. ఆడవాళ్ళు అప్లై చేస్తే త్వరగా పరీక్షించే వీలు ఉన్న మాట నిజమే, దానికి ఫారం 18ఎ ఉంది. కానీ బావ అప్లికేషన్ అప్పటికే జర్నల్లో పబ్లిష్ అయిపోయింది. అదే తొట్టిని కొత్తగా వేస్తే బావ సొంత అప్లికేషనే దానికి పాత పత్రం అవుతుంది, అక్క పేరున వేసినా అంతే. ఆఫీసర్‌ను మార్చుకుందామని చేతిలో ఉన్న మొదటి దాఖలు తేదీని పారేసుకోమని చెప్పే మనిషి ఫీజు ఎందుకు తీసుకుంటాడో నాకర్థం కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన దగ్గర ఎగ్జామినర్ రిపోర్ట్ రాసి కంట్రోలర్‌కు ఇస్తాడు, ఇచ్చేదీ కొట్టేసేదీ కంట్రోలర్. కాబట్టి లెక్క తీస్తే కంట్రోలర్‌దే తియ్యాలి. అమెరికాలో డబ్బులు కడితే రెడీమేడ్‌గా దొరికినట్టు ఇక్కడ దొరకదు, కానీ ఆఫీస్ సైట్‌లో పబ్లిష్ అయిన ఏ అప్లికేషన్ ఫైలైనా తెరిచి రిపోర్ట్, జవాబు, హియరింగ్ నోటీస్, ఆర్డర్ అన్నీ ఉచితంగా చదవచ్చు. పేటెంట్లను రంగాలవారీగా క్లాసులుగా విడగొడతారు, రాయి పనికి సంబంధించిన క్లాస్ బి28డి. నేను ఆ క్లాస్‌వి, దాని చుట్టుపక్కల క్లాసులవి ఒక్కొక్కటి తెరిచి, ఆ ఆఫీసర్ సంతకం ఉన్న ఆర్డర్లు పక్కకు తీసి పెట్టుకున్నాను. సైట్ సగం సార్లు తెరుచుకోదు, తెరుచుకుంటే క్యాప్చా తప్పంటుంది, అది వేరే ఏడుపు.

చదివితే తేలింది ఏమిటంటే, ఆయన కొట్టేసినవాటిలో ఎక్కువ భాగం హియరింగ్‌కు మనిషే రానివి, లేకపోతే వచ్చి మాట్లాడి, 15 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాల్సింది ఇవ్వనివి. వచ్చి, క్లెయిమ్ (దేనిమీద హక్కు కావాలో చెప్పే వాక్యం) దిద్ది, కాగితం ఇచ్చినవాళ్ళకు ఇస్తూనే ఉన్నాడు. ఇవన్నీ కలిపి ఒక శాతం చేస్తే మనిషి రాక్షసుడిలా కనబడతాడు. ఇంకోటి, ఇచ్చినా ఇవ్వకపోయినా ప్రతి ఆర్డర్‌లో ఆయన అడిగేది ఒకటే: దీనివల్ల సాంకేతికంగా ఏం మెరుగైంది, చూపించు. ఇది ఏ రేటులో దొరుకుతుంది చెప్పండి?

చూపించడానికి మా బావ దగ్గర ల్యాబ్ లేదు. ట్యాంకర్ లెక్కలు రాసుకునే పుస్తకం ఉంది. తొట్టి పెట్టకముందు ఎన్ని ట్యాంకర్లు, పెట్టాక ఎన్ని, ఆ రోజుల్లో ఎంత రాయి పాలిష్ అయింది, అన్నీ మా అక్క చేతిరాత. దాన్ని టేబుల్‌గా వేసి అఫిడవిట్ చేయించినాం.

హియరింగ్ వీడియోలో. ఏజెంట్‌ను పక్కన పెట్టి బావే కూర్చున్నాడు, అప్లికెంట్ తానే హాజరు కావచ్చు, ఎవరూ ఆపరు. నేను పక్కన కూర్చుని కాగితాలు అందించేది. యూనిట్ ఆఫీస్ గదిలో పెట్టుకున్నాం, మిషన్లు ఆపించినాం, అయినా పక్క యూనిట్ వాళ్ళ కట్టర్ మోత. కరెంట్ పోతుందేమోనని ఇన్వర్టర్ తెప్పించి పెడితే కరెంట్ పోలేదు గానీ జియో సిగ్నల్ పోయింది, బావ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి మళ్ళీ కలిసినాం. కంట్రోలర్ ఎక్కడో ఢిల్లీ ఆఫీస్‌లో ఉన్నాడు. చెన్నైలో వేసినా కంప్యూటర్ నాలుగు ఆఫీసుల్లో ఎవరికైనా పంచుతుంది, అందుకే ఆఫీసర్‌ను ఎంచుకునే ఆలోచనే ఇక్కడ తప్పు. బావకు వచ్చిన ఇంగ్లీష్, హిందీ కలిపి, "సార్, ఆ చైనా తొట్టిలో మడ్డి తియ్యాలంటే మిషన్ బంద్ చెయ్యాల. మాది బంద్ లేదు సార్, చలేగా" అన్నాడు. కంట్రోలర్ నవ్వలేదు. క్లెయిమ్ 1లో ఆ మాట ఎక్కడుందో చూపించమన్నాడు.

లేదు. ఏజెంట్ రాసిన క్లెయిమ్‌లో తొట్టి, పలకలు, పంపు, అన్నీ ఉన్నాయి, మిషన్ ఆగకుండా అన్న ఒక్క మాట తప్ప. అదృష్టం ఏమంటే లోపల వివరణలో ఆ వాక్యం ఉంది, బావ చెప్పింది చెప్పినట్టు ఎవరో టైప్ చేసినట్టున్నారు. మొదట దాఖలు చేసిన దాంట్లో ఉన్న విషయాన్నే క్లెయిమ్‌లోకి తెచ్చుకోవచ్చు, లేనిది చేర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు. ఆ వాక్యాన్నీ, పలకల వాలునూ క్లెయిమ్ 1లోకి లాగి, ట్యాంకర్ల టేబుల్ జతచేసి గడువులోపల ఇచ్చినాం. గ్రాంట్ అయింది. క్లెయిమ్ చిన్నదైపోయిందని మా బావ ఇప్పటికీ సణుగుతాడు, ఆ వాలు కాకుండా వేరే వాలు పెట్టుకుంటే ఎవరైనా చేసుకోవచ్చు గదా అంటాడు. నిజమే.

లెక్కలను పాడుచేసేవాళ్ళు ఇంకో జాతి ఉన్నారు, మా కాలేజీల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. ర్యాంకింగ్ పాయింట్ల కోసం అధ్యాపకులు పదిమంది పేర్లు కలిపి ఏదో స్మార్ట్ డస్ట్‌బిన్ అని వేస్తారు, ఫారం 9 కట్టి త్వరగా పబ్లిష్ చేయిస్తారు, గేటు ముందు "పేటెంట్ సాధించిన మా ఆచార్యులకు అభినందనలు" అని ఫ్లెక్సీ కడతారు. పబ్లిష్ అవడం పేటెంట్ కాదు. పరీక్ష కోసం అడగనే అడగరు, గడువు దాటితే అది ఉపసంహరించుకున్నట్టే. ఇంకొన్నిటికి రిపోర్ట్ వచ్చినా జవాబివ్వరు, సెక్షన్ 21 కింద వదిలేసినట్టు లెక్క. ఇవన్నీ కింద కలిపి పైన గ్రాంట్లు పెట్టి భాగించి, ఈ రంగంలో ఇంతే శాతం అని ఎవరైనా చెబితే నమ్మకండి. సెక్షన్ 15 కింద ఆఫీసరే తేల్చి కొట్టేసినవి విడిగా లెక్కేస్తేనే ఆఫీసర్ గురించి ఏమైనా తెలుస్తుంది.

అప్పీల్ సంగతి అడిగారు. 2021 ఏప్రిల్‌లో ఐపీఏబీ (ఇట్లాంటి అప్పీళ్ళు వినే బోర్డు) ఎత్తేశాక సెక్షన్ 117ఎ కింద హైకోర్టుకే పోవాలి. కంట్రోలర్ ఏ ఊళ్ళో కూర్చున్నా మనం వేసింది చెన్నై ఆఫీస్ కాబట్టి మన అప్పీల్ మద్రాస్ హైకోర్టులోనే. అక్కడి ఆర్డర్లు చదవండి, చాలా వాటిలో కోర్టు పేటెంట్ ఇచ్చెయ్యదు, కారణాలు సరిగ్గా రాయలేదని ఆర్డర్ కొట్టేసి, వేరే ఆఫీసర్ మళ్ళీ వినాలని వెనక్కి పంపుతుంది. వేరే ఆఫీసర్ కావాలంటే చట్టప్రకారం దొరికే దారి ఇదే. అది దొరకాలన్నా మీరు హియరింగ్‌లో చెప్పిన ప్రతి వాదనా రాతలో ఉండాలి, దానికి ఆయన జవాబు రాయలేదని చూపించగలగాలి. హియరింగ్‌కే పోనివాళ్ళకు కోర్టులో చూపించడానికి ఏముంటుంది?

మీ ఫైల్లో ఆర్డర్ ఇప్పటికే వచ్చి ఉంటే ముందు దాని తేదీ చూసుకోండి. ఫారం 24 మీద రివ్యూ అడగడానికి నెలే టైం, అప్పీల్‌కు మూడు నెలలు.