పాత స్టేషన్ వ్యాగన్‌లో అడ్డుతెర

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

వెనుక సీటుకూ సామాను భాగానికీ మధ్య తెర కట్టాలన్న నీ ఆలోచన మంచిదే. నీ పాత స్టేషన్ వ్యాగన్‌లో డిక్కీకి అడ్డుగోడ లేదు కనుక, ఏసీ చల్లదనమైనా హీటరు వెచ్చదనమైనా మనుషులకు అందకముందే వెనుక ఖాళీ చోటు మింగేస్తుంది. మందమైన తెర ఆ నష్టాన్ని చాలావరకు ఆపుతుంది, వెనుక చక్రాల రొదను కొంత తగ్గిస్తుంది. అంతకుమించి దానినుండి ఆశించవద్దు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు దూసుకొచ్చే పెట్టెను గుడ్డ ఆపలేదు. బరువులను నేలకున్న కొక్కేలకు పట్టీలతో బిగించవలసిందే, కుక్కను ఎక్కించేటట్లయితే ఇనుప జాలీ వేయవలసిందే.

ఈ పనిలో కష్టమంతా కుట్టులో కాదు, రాడ్డు బిగించడంలో ఉంది. పాత బండ్లలో చాలావాటికి లోపలి పైకప్పు గుడ్డను సన్నని ఇనుప కమ్మీల మీద లాగి బిగిస్తారు. దాని వెనుక లైటు తీగ పోతూ ఉంటుంది, ఆపైన ఉన్నది పలుచని రేకు మాత్రమే. నేను తొందరపడి అక్కడ పొడవైన స్క్రూ దింపాను. బయటికి వచ్చి చూస్తే పైకప్పు రంగు మీద ఆవగింజంత బొడిపె లేచి ఉంది. ఏడాది తిరగకముందే అక్కడ తుప్పు పట్టింది, చెమ్మ లోపలికి దిగింది. అందుచేత కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయవద్దు. చేతిపిడికో, కోటు తగిలించే కొక్కేనికో ఉన్న స్క్రూ రంధ్రం అనువైన చోట ఉంటే దానిలోనే చిన్న బ్రాకెట్ బిగించు, అసలు స్క్రూలను డబ్బాలో భద్రపరచు. అలాంటి చోటు లేకపోతే రెండు చివరలా రబ్బరు ఉన్న స్ప్రింగ్ రాడ్డు చాలు, కానీ అది ఆనే చోట వెనుక గట్టి లోహం ఉండాలి.

పైకప్పు మధ్యలో ఎత్తుగా, పక్కలకు వాలుగా ఉంటుంది కనుక తిన్నని రాడ్డు పైన నెలవంకలాంటి సందు మిగులుతుంది, చల్లగాలి దానిగుండానే పారిపోతుంది. పెద్ద అట్టముక్కను ఆ చోట నిలబెట్టి, గీసుకుంటూ కొద్దికొద్దిగా కత్తిరించి, వంపు సరిగ్గా అతికేదాకా ఓపిక పట్టు. ఆ అట్టే నీ కొలత. పైసందుకు అదే వంపున ఫెల్టు పట్టీ కుట్టిస్తే సరిపోతుంది. సీటు వీపు ఎంత వెనక్కి వాలినా తెర దానికి రెండు వేళ్ల దూరంలో ఉండేలా, సీటు బెల్టుకు అడ్డురాకుండా చూసుకో.

గుడ్డ మందపు నూలు కాన్వాస్ అయితే ముందు ఉతికి ఆరబెట్టు, లేకపోతే కుట్టిన తరువాత కుంచించుకుపోతుంది. వెడల్పుకు ఒకటిన్నర రెట్లు గుడ్డ తీసుకో, ఎండకు చివికిపోకుండా పాలియెస్టర్ దారంతో కుట్టించు, కింది అంచు మడతలో బరువు గొలుసు పెట్టించు. మంట త్వరగా అంటుకోని గుడ్డనే అడిగి తీసుకో. అమెరికాలో 1972 నుండి అమలులో ఉన్న ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 302 అనే వాహన భద్రతా ప్రమాణం ప్రకారం కారు లోపలి సామగ్రిపై మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. దానికి తగిన గుడ్డ దొరికితే మరీ మంచిది.

తెరను ఒకే ముక్కగా కాక, నడుమ విడిపోయే రెండు రెక్కలుగా చేయించు. నడిపేటప్పుడు రెండిటినీ పక్కలకు కట్టేస్తే లోపలి అద్దంలో వెనుక దారి కనిపిస్తుంది. చాలా పాత బండ్లకు డ్రైవరు వైపు మాత్రమే బయటి అద్దం ఉంటుంది. నీ బండీ అలాంటిదైతే, రెండో అద్దం పెట్టించేదాకా తెర మూసి నడపవద్దు. సామాను భాగంలో వెనక్కి తిరిగిన మూడో సీటు ఉండి, దానిలో పిల్లలున్నప్పుడు కూడా మూయవద్దు. ఇక డిక్కీ తలుపు కిటికీ అద్దం దించి నడిపితే పొగగొట్టం పొగ బండిలోకి వచ్చేస్తుంది. ఆ విషవాయువును ఏ తెరా ఆపదు, కనుక ఆ అద్దం మూసే ఉంచాలి.

అట్ట కొలత కుదరగానే బండిలో నిలబెట్టి ఫోటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా గుడ్డ మీద కత్తెర పెట్టవద్దు.

ఇట్లు,
నీ పెదనాన్న