రంగారెడ్డి జిల్లాలో ఇంటి బోరు వెయ్యి అడుగులు వేయాలా?

ఇబ్రహీంపట్నం దగ్గర 200 గజాల్లో ఇల్లు కడుతున్నామని, ఐదుగురు ఉంటామని, బోరు బండి వాళ్లు వెయ్యి అడుగులు పోదామంటున్నారని రాశారు. ముందే మాటిచ్చేయకండి. మొదట లీటర్ల లెక్క చూసుకోండి.

మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఐదుగురికి 675 లీటర్లు కావాలి. ఆరున్నర ఇంచుల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు నిలుస్తాయి. మోటారు పైన 200 అడుగుల మేర నీళ్లుంటే లోపలే 1,300 లీటర్లు ఉన్నట్టు. గంటకు వంద లీటర్లు ఊరినా రోజుకు 2,400. రెండించుల ధార పొలానికి కావాలి గానీ ఇంటికి కాదు.

మన కింద ఉన్నది గ్రానైట్. నీళ్లుండేది బండలో కాదు, బండలోని గ్యాపుల్లో, అంటే పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పై బరువుకు గ్యాపులు బిగుసుకుపోతాయి, కానీ అడుగు రేటు మాత్రం పెరుగుతుంది. సాధారణంగా 300 అడుగుల దాకా ఒక రేటు, ఆపైన ప్రతి వందకూ ఇంకాస్త ఎక్కువ. మొదటి 300కి అడుగు వంద రూపాయలు, తర్వాత ప్రతి వందకూ పది పెంపు అనుకుంటే 500 అడుగులకు 53,000, వెయ్యికి 1,28,000. మీ బండి రేటు వేరుగా ఉంటుంది కాబట్టి స్లాబులు కాగితం మీద రాయించుకోండి. చుట్టుపక్కల నాలుగైదు బోర్లలో గ్యాప్ ఎన్ని అడుగుల్లో తగిలిందో అడిగి, ఆగే లోతు ముందే తేల్చుకోండి.

డ్రిల్లింగ్ అప్పుడు పక్కనే ఉండి, ఎన్నడుగులు దిగిందో తెలిసేలా రాడ్లు లెక్కపెట్టండి. ఒక రాడ్డు పొడవు మొదలెట్టకముందే టేపుతో కొలవండి. పొడి దుమ్ము ఆగి బురద ముద్దలొస్తే తేమ తగిలినట్టు. ఎర్రమరకల రాళ్ల ముక్కలొస్తే గ్యాప్. ఆ అడుగు రాసుకోండి, మోటారు ఎక్కడికి దించాలో అదే చెబుతుంది.

కేసింగ్, అంటే పైమట్టి బోరులోకి జారకుండా దించే పైపు దగ్గర మాత్రం పొదుపు వద్దు. దాని డబ్బు వేరే కాబట్టి చాలామంది మొరంలోనే ఆపించేస్తారు. పైపు గట్టి బండలోకి ఒకట్రెండు అడుగులు దిగి కూర్చోకపోతే వానాకాలంలో మట్టి జారి మోటారు ఇరుక్కుంటుంది, లాగితే పైపు తెగుతుంది. నేల పైకీ రెండడుగులు ఉంచండి.

మోటారు దించాక స్విచ్ దగ్గరే నిలబడి ధార తెగేదాకా తోడి ఆపండి. సరిగ్గా గంటాగి మళ్లీ 200 లీటర్ల డ్రమ్ములోకి పట్టండి. ధార తెగేలోపు పడినవే గంటకు ఊరే నీళ్లు. తక్కువైతే టైమరు, నీళ్లు అయిపోగానే మోటారును ఆపేసే డ్రై రన్ కటాఫ్ పెట్టి రోజుకు నాలుగుసార్లు తోడుకోండి. మోటారును అడుక్కి ఆనించకండి, 20 అడుగులు పైనే ఉంచండి.

వీలైతే ఏప్రిల్, మే నెలల్లో వేయించండి. అప్పుడు పడిన నీళ్లే నమ్మకం. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ముందే తీసుకోండి. తాగేముందు ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి: లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు.

నీళ్లు పడకపోతే కేసింగ్ లాగేసుకుని నోరు తెరిచి వదిలేయకండి. పిల్లలు పడిపోతున్నారనే 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. బండి వెళ్లేలోపే మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్పించండి.