చార్జర్ వద్దన్న బ్యాటరీ

చిట్టితల్లీ,

డ్రోన్ నువ్వే విప్పి బాగుచేసుకుంటానన్నావని మీ అమ్మ చెబితే పొంగిపోయాను. చార్జర్ ఎర్రర్ చూపిస్తోందని కూడా చెప్పింది. అప్పట్నుంచి మనసు కుదురుగా లేదు.

ముందు ప్రొపెల్లర్లు తీసెయ్. బ్యాటరీ పక్కనపెట్టి, మల్టీమీటర్ని బీప్ మోడ్‌లో ఉంచి డ్రోన్ వైపు ఎక్స్‌టీ60 (బ్యాటరీ తగిలించే కనెక్టర్) పిన్నులకి ఆనించు. ఒక్కసారి కీచుమని ఆగిపోతే అది కెపాసిటర్ నిండిన చప్పుడు, భయం లేదు. ఆగకుండా మోగితే షార్ట్ ఉన్నట్టే. చాలాసార్లు ఈఎస్‌సీ, అంటే మోటార్ల వేగాన్ని నడిపే బోర్డు, కాలిపోయి ఉంటుంది. ఇక బ్యాటరీ తగిలించకు.

నీది నాలుగు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కదా, తెల్ల బ్యాలెన్స్ కనెక్టర్‌కి ఐదు వైర్లుంటాయి. పక్కపక్క పిన్నుల మధ్య ఒక్కో సెల్ కొలిచి చూడు. మీటరు మొన జారి రెండు పిన్నుల్నీ కలిపిందంటే నిప్పురవ్వలే, చెయ్యి స్థిరంగా ఉంచు. నిండిన సెల్ 4.2 వోల్టులు, దాచిపెట్టేది 3.8 దగ్గర ఉండాలి. వరుసగా రెండు సెల్స్ సున్నా చూపిస్తే బెంబేలు పడకు. మధ్య పిన్ను వదిలి, దాని అటూ ఇటూ పిన్నుల మధ్య కొలువు. రెండూ కలిపి 7.6 దాకా వస్తే సెల్స్ బాగానే ఉన్నాయి, మధ్య వైరే తెగింది.

ఒక్క సెల్ మాత్రమే 2.5 కంటే దిగిపోయిందనుకో, ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. లైపో మోడ్‌లో చార్జర్ ఒప్పుకోదు కాబట్టి నికెల్ బ్యాటరీ మోడ్‌లో పెట్టి, కాస్త కరెంటెక్కించి లేపుతారు. లేస్తుంది కూడా, ప్రమాదమంతా అందులోనే ఉంది. మరీ లోతుకి దిగిన సెల్‌లో రాగి రేకు కొంత కరిగి ద్రవంలో కలవొచ్చు. మళ్ళీ చార్జ్ చేస్తే ఆ రాగి ముళ్ళలా పేరుకుని లోపలే షార్ట్ చేయొచ్చు. పైగా నికెల్ మోడ్ ఏ సెల్‌నీ విడిగా చూడదు, 4.2 దగ్గర ఆగదు. ఆ బ్యాటరీ అప్పుడే మండకపోవచ్చు, తర్వాతెప్పుడో అందరూ నిద్రపోతుండగా మండొచ్చు. నీ మొండితనం నాకు తెలుసు, డబ్బు దండగని ఈ పని చేశావంటే ఊరుకోను. కొత్త ప్యాక్ నేను కొనిపెడతాను తల్లీ. పాతది, ఉబ్బినదైతే మరీ, గుచ్చకుండా ఈ-వేస్ట్ వాళ్ళకిచ్చెయ్.

సెల్స్ నాలుగూ సరిగ్గా ఉండి, థ్రాటిల్ పెంచగానే వోల్టేజీ పడిపోతుంటే ఎక్స్‌టీ60 టంకం చూడు. దించాక కనెక్టర్ వేడిగా ఉంటే అతుకు సరిగ్గా పడలేదన్నమాటే.

చార్జింగ్‌కి, 1500 ఎంఏహెచ్ సామర్థ్యమున్న బ్యాటరీకి 1.5 ఆంపియర్లు చాలు. ఎగిరొచ్చిన బ్యాటరీ చల్లారాకే, గచ్చు మీద, నువ్వు ఎదురుగా కూర్చుని. మంచం మీద ససేమిరా వద్దు.

నాలుగు సెల్స్ రీడింగులూ రాసి రాత్రికి పంపు. నేను చూసి చెప్పేదాకా చార్జింగ్ పెట్టకు.

మీ పెదనాన్న