అమ్మడూ, నీకు ఏ పని ఇష్టం?

తిరుపతి

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంజనీరింగ్ కాకుండా బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరినందుకు ఇక అంతరిక్షం వైపు దారే లేదని నువ్వు దిగులు పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. ఇన్నేళ్లు ఆడపిల్లలకు ఫిజిక్స్ పాఠం చెప్పాను. మార్కులు బాగా వచ్చి, ఆకాశమంటే ప్రాణం పెట్టి, డిగ్రీ అయ్యాక ఎటు వెళ్లాలో చెప్పేవాళ్లు లేక ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. నీకు అలా కాకూడదు.

నక్షత్రాలు ఇష్టమా, రాకెట్లు ఇష్టమా అని అందరూ అడుగుతారు. నేను అడిగేది వేరు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఏ పని చేసినా నీకు విసుగు రాదు? సర్క్యూట్ ముందు కూర్చోవడమా, ప్రోగ్రాం రాయడమా, కాగితం మీద లెక్క కట్టడమా, పరికరం విప్పి బిగించడమా? ఈ రంగంలో పేరొచ్చిన ఆడవాళ్లంతా ఇలాంటి ఏదో ఒక పనిలో మునిగినవాళ్లే.

హెన్రియెట్టా లీవిట్ హార్వర్డ్ అబ్జర్వేటరీలో గాజు ఫొటో ప్లేట్ల మీద నక్షత్రాల వెలుగు కొలిచేది. ఆ కొలతల్లోంచే, సెఫీడ్ నక్షత్రం వెలుగు పెరిగి తగ్గడానికి ఎన్ని ఎక్కువ రోజులు పడితే దాని అసలు కాంతి అంత ఎక్కువని 1912లో తేల్చింది. హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త గెలాక్సీల దూరం కట్టగలిగింది దాని ఆధారంతోనే. జోస్లిన్ బెల్ సంగతీ అంతే. కేంబ్రిడ్జ్‌లో రేడియో టెలిస్కోప్ నుంచి రోజుకు సుమారు 30 మీటర్ల చార్టు కాగితం వచ్చేది, అదంతా ఆమే చూసేది. 1967లో అందులో ఒక చిన్న గజిబిజి గీత దేనికీ సరిపోలేదు. ఆమె దాన్ని వదల్లేదు. అది మొదటి పల్సర్, అంటే గిరగిరా తిరుగుతూ లెక్క తప్పకుండా రేడియో తరంగాలు పంపే నక్షత్రం. 1974లో నోబెల్ ఆమె గైడుకు వచ్చింది, ఆమెకు రాలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. 2018లో బ్రేక్‌త్రూ బహుమతిగా అందిన 30 లక్షల డాలర్లను, అవకాశాలు అందని విద్యార్థులు ఫిజిక్స్‌లో పరిశోధన చేసుకోవడానికి ఇచ్చేసింది ఆవిడ.

సిసీలియా పేన్ కథ ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకో. నక్షత్రాల్లో అన్నిటికంటే ఎక్కువ ఉన్నది హైడ్రోజనే అని 1925లో తన థీసిస్‌లో లెక్కతో చూపించింది. అప్పటి పెద్ద శాస్త్రవేత్త రసెల్ అది అసాధ్యమన్నాడు. దాంతో తన ఫలితం నిజం కాకపోవచ్చని తన చేత్తోనే రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్లకు రసెల్ వేరే దారిలో అదే చోటికి చేరి, ఆమె చెప్పింది సరైనదేనని ఒప్పుకున్నాడు. నీ లెక్క నువ్వు మళ్లీ మళ్లీ చూసుకున్నాక, ఎదుటివాళ్లు పెద్దవాళ్లు కదా అని కొట్టేసుకోకు. మర్యాదగా మాట్లాడు, లెక్క మాత్రం వదలకు.

ఇప్పుడు నీ బీఎస్సీ సంగతి. మంగళయాన్‌కు డిప్యూటీ ఆపరేషన్స్ డైరెక్టర్‌గా, చంద్రయాన్-2కు మిషన్ డైరెక్టర్‌గా పనిచేసిన రితు కరిధాల్ మొదట చదివింది లక్నోలో ఫిజిక్సే. తర్వాత గేట్ రాసి బెంగళూరు ఐఐఎస్సీలో ఏరోస్పేస్ చేసింది. ఆ దారి నీకూ ఉంది. ఫైనలియర్‌లో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాయి. మంచి ర్యాంకు వస్తే మన ఐఐటీ తిరుపతిలోనే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదవొచ్చు. రాకపోయినా పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది, ఎస్వీ యూనివర్సిటీ ఉంది. అక్కడ చదివితే చిన్నతనమేమీ కాదు. ఎమ్మెస్సీలో ఉండగా జెస్ట్, నెట్, గేట్ పరీక్షలు మూడూ రాయి. ఖగోళ పరిశోధనకైతే జెస్ట్ మీద ఎక్కువ కష్టపడు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ లాంటి చోట్ల పీహెచ్‌డీకి అది పనికొస్తుంది. ఆ సంస్థలోనే పీహెచ్‌డీ చేసిన అన్నపూర్ణి సుబ్రమణ్యం 2019లో దానికే డైరెక్టర్ అయ్యారు.

నువ్వు ఎప్పుడూ శ్రీహరికోట పేరే ఎత్తుతావు. చిత్తూరు రోడ్డులో ఉన్న గాదంకిని మర్చిపోతున్నావు. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ అంతరిక్ష విభాగానిదే. అక్కడ పై గాలులను గమనించే ఎంఎస్‌టీ రాడార్‌కు నేల మీద 1,024 యాంటెన్నాలు వరుసలు కట్టి ఉంటాయి, 53 మెగాహెర్ట్జ్ తరంగాలు పైకి పంపుతాయి. గాలిలోని అలజడి నుంచి తిరిగొచ్చే అతి బలహీనమైన సంకేతంతో, మన తల మీద ఎన్నో కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు ఎంత వేగంగా వీస్తోందో చెబుతారు. సిగ్నల్ ప్రాసెసింగ్, ప్రోగ్రామింగ్, ఫిజిక్స్ మూడూ కలిసే చోటది. సైన్స్ డే సమయంలో ఆ సంస్థ ప్రకటనలు చూస్తూ ఉండు, వీలు దొరికితే వెళ్లి కళ్లారా చూడు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అడగాల్సిన మొదటి చోటు అదే అని నా అభిప్రాయం.

అంతదాకా ఖాళీగా ఉండొద్దు. ఇప్పటి నుంచే పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకో. 2015లో మనవాళ్లు పంపిన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ డేటా, నక్షత్రాలను కొలిచిన యూరప్ వాళ్ల గయా ఉపగ్రహం డేటా ఉచితంగా దొరుకుతాయి. ఒక నక్షత్ర గుచ్ఛం తీసుకుని, గయా కొలతలతో రంగుకీ వెలుగుకీ గ్రాఫ్ గీయి. సొంతంగా ఒక్క గ్రాఫ్ సరిగ్గా వచ్చేసరికి నీకు తెలిసింది తక్కువేనని అర్థమవుతుంది. ఆ తర్వాత ఏ ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసినా చూపించడానికి నీ పని అంటూ ఒకటుంటుంది. "సార్, నాకు స్పేస్ అంటే ఇష్టం" అని మాత్రం రాస్తే జవాబు రావడం కష్టం.

ఇక మీ నాన్న. దూరం, రాత్రి పని, పెళ్లి — ఈ మూడే కదా ఆయన టెన్షన్. దూరం, రాత్రి పని గురించి ఇలా చెప్పు: లదాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను బెంగళూరు పక్కన హోసకోటలో కూర్చునే నడుపుతారు. డబ్బు సంగతీ దాచకుండా చెప్పు: నెట్‌తో ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. ఆడపిల్ల చదువు ఇంటికి బరువు అనే మాట అక్కడ నిలవదు. పెళ్లి విషయంలో నీ మాట స్పష్టంగా ఉండాలి. ఎమ్మెస్సీ మధ్యలో ఆపనని ముందే చెప్పు. సూర్యుణ్ని పరిశీలించే ఆదిత్య-ఎల్1కు ప్రాజెక్ట్ డైరెక్టర్ నిగార్ షాజీ అనే మహిళ అని, అది 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచే వెళ్లిందని కూడా చెప్పు. ఆయన టీవీలో చూసే ఉంటారు.

మీ చెల్లి వచ్చే ఏడు తొమ్మిదిలోకి వస్తుంది కదా, బడి పిల్లల కోసం ఇస్రో వాళ్లు పెట్టే శిక్షణ యువికా ప్రకటన పడగానే అప్లై చేయించు. ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు, పల్లెటూరి బడి పిల్లలకు ప్రాధాన్యం ఇస్తారు. దానికి ఇప్పుడే చెప్పు, మార్కులు వచ్చేశాక చెబితే లాభం లేదు.

మీ నాన్నతో నేనూ మాట్లాడతాను. కానీ ముందు నువ్వే మాట్లాడు, నా పేరు చెప్పి దాటేయకు. గ్రాఫ్ వచ్చాక ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా, తప్పులుంటే కలిసి చూద్దాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ