నేవీ పాత గస్తీ బోటు కొని టూరిస్టులను తిప్పొచ్చా? కొని చూసినవాడి జవాబు

ఒంగోలు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: "నేవీ పక్కన పెట్టేసిన పెట్రోల్ బోట్లు వేలంలో చవగ్గా వస్తాయంటున్నారు. ఒకటి కొని కొత్తపట్నం వైపు టూరిస్టులను తిప్పుదామని ఆలోచన. ఇక్కడ ఎవరైనా కొన్నవాళ్లున్నారా?"

ఉన్నామండీ. నేనూ మా బావా కలిసి ఒకటి కొన్నాం. బావ నేవీలో పదిహేనేళ్లు ఇంజన్ రూములో చేసి వచ్చాడు. నాది నెల్లూరులో డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు రిపేరు చేసే షాపు. అంటే ఇంజన్ల గురించి మాకు తెలియంది లేదనుకునే మనుషులం ఇద్దరం. ఆ ధీమాతోనే దిగాం. తీరా చూస్తే ఇంజన్ అసలు సమస్యే కాదు.

ముందు సూటిగా చెప్పేస్తాను. కొనొచ్చు. టూరిస్టుల కోసమైతే మాత్రం వద్దు.

నేవీ వాళ్లు పక్కన పెట్టినవి ఎక్కువగా ఎంఎస్‌టీసీ ద్వారా ఆన్‌లైన్ వేలానికి వస్తాయి. కేంద్ర ఉక్కు శాఖ కింది సంస్థ అది. ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే తీసుకోవాలి, తర్వాత ఫిర్యాదులు చెల్లవు. ముందు డిపాజిట్ కట్టాలి, గెలిస్తే గడువులోగా సరుకు ఎత్తాలి, ఆలస్యమైతే స్థలానికి అద్దె పడుతుంది. జీఎస్టీ, టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) అదనం. పాడుకునేవాళ్లలో ఎక్కువమంది తుక్కు వ్యాపారులే. విమానవాహక నౌకలైన పాత విక్రాంత్‌ను 2014లో దాదాపు 60 కోట్లకు, విరాట్‌ను 2020లో 38.54 కోట్లకు కొన్నదీ వాళ్లే. రెండూ ముక్కలైపోయాయి. విశాఖ ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్, కార్వార్‌లో చపల్ మిసైల్ బోటు, అలప్పుళలో టీ-81 గస్తీ బోటు బతికాయంటే మ్యూజియాలుగా గట్టు మీద నిలబడ్డాయి కాబట్టి. వాటిని మళ్లీ నీళ్లలో నడపాల్సిన పని ఎవరికీ పడలేదు.

మేము నేరుగా వేలంలో పాడలేదు. ఒక లాటు పాడుకున్న చెన్నై తుక్కు వ్యాపారి దగ్గర 9 లక్షల 40 వేలకు కొన్నాం. పదిహేను మీటర్ల అల్యూమినియం బాడీ, ఆరువందల హార్స్‌పవర్ ఇంజన్లు రెండు. బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ముక్కు దగ్గర చెయ్యేసి నిలబడ్డాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత ఇష్టంగా చూసి ఉండడు. నేను బేరం మొదలుపెట్టకముందే మా పని అయిపోయింది.

బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాను. నెల్లూరు వచ్చాక విప్పి చదివితే అందులో బోటు అన్న మాటే లేదు. "అల్యూమినియం తుక్కు, మిశ్రమం, ఒక లాటు" అని ఉంది. అసలు కథంతా ఆ ఒక్క లైనులోనే ఉంది.

నేవీ నౌకలకు మర్చంట్ షిప్పింగ్ చట్టం వర్తించదు. కాబట్టి వాటికి మనలాంటి వాళ్ల నౌకలకు ఉండే రిజిస్ట్రేషన్ ఉండదు. ఫలానా యార్డులో ఫలానా ఏడాది కట్టారని చెప్పే బిల్డర్ సర్టిఫికెట్ మన చేతికి రాదు. డ్రాయింగులు ఇవ్వరు. ఎంత బరువుకు ఎంత వాలుతుందో చెప్పే స్టెబిలిటీ పుస్తకం ఇవ్వరు. ఇరవై ఏళ్లు దేశానికి కాపలా కాసిన బోటు, కాగితాల లెక్కన ఇంకా పుట్టనే లేదు. దాన్ని పుట్టించే పని మీ నెత్తిన పడుతుంది. మేము ఒక ఆఫీసుకు వెళ్తే ఇది చేపల బోటు కాదు కదా అన్నారు, నిజమే. ఇంకోచోట ఇది తుక్కు కదా అన్నారు. బిల్లు చూస్తే అదీ నిజమే. ఎవరినీ తప్పు పట్టలేని తిరుగుడు అది.

ఒక్క విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. వేలం షరతుల్లో "విడగొట్టడానికి మాత్రమే" అని ఉంటే దాన్ని బోటుగా వాడటమే కుదరదు. మా లాటుకు ఆ షరతు లేదని తర్వాత ఆ వ్యాపారి దగ్గర వేలం కాగితాల నకలు తెప్పించుకుని చూశాం. ఆ వారం రోజులూ పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. మీరు ఆ కాగితాలు ముందే అడగండి.

ఇక తేవడం. వెడల్పు నాలుగు మీటర్ల పైనే, కాబట్టి లో-బెడ్ ట్రైలర్ కావాలి, దానికి ప్రత్యేక పర్మిషన్ కావాలి. చెన్నై నుంచి రాత్రిళ్లే నడిపాం. టోల్‌గేట్లలో చివరి వెడల్పాటి లైను తప్ప పట్టదు. ఊళ్లలోకి వచ్చాక ఒక కుర్రాడు కేబిన్ మీద కూర్చుని, వెదురు గడకు పీవీసీ పైపు ముక్క తొడిగి కరెంటు తీగలూ కేబుల్ టీవీ తీగలూ ఎత్తిపడుతూ వచ్చాడు. కేబుల్ తీగల సంగతి సరే, కరెంటు తీగల జోలికి అలా పోకూడదు. లైన్‌మన్‌ను పిలిచి సప్లై ఆపించాలి. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది.

గట్టు మీద పెట్టాక అసలు రంగు బయటపడింది. రాడార్, వైర్‌లెస్, ఆయుధాలు తీసేసే ఇస్తారు, అది న్యాయమే. కానీ తీసేటప్పుడు స్క్రూలు విప్పరు, కట్టర్ పెడతారు. గోడలోంచి వైర్లు కోసిన పేగుల్లా వేలాడుతున్నాయి. అడుగున షాఫ్టు బ్రాకెట్ పక్కన బావ గోరుతో గీకితే తెల్లటి పిండి రాలింది. అల్యూమినియం పక్కన ఉక్కు బోల్టు బిగించి ఉప్పునీళ్లలో ఉంచితే అల్యూమినియమే కరిగిపోతుంది. రాగి కలిసిన పెయింటు పూసినా అంతే. ఇనుప బోటైతే సుత్తితో కొట్టి మోత వినొచ్చు, దీనికి అల్ట్రాసోనిక్ గేజ్ పెట్టి అడుగడుగునా మందం కొలవాల్సిందే. మా దగ్గర ఇనుము వెల్డింగ్ చేసేవాళ్లు వీధికి ఇద్దరున్నారు. సముద్రపు గ్రేడ్ అల్యూమినియం షీటు అతికేవాడు దొరకలేదు, చెన్నై నుంచే పిలిపించాం.

ఇంజన్లంటారా, నా షాపు పని కాబట్టి ఇది లెక్కతో చెప్తాను. డీజిల్ ఇంజన్ ఫుల్లు మీద ఉంటే హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.19 లీటరు తాగుతుంది. రెండూ కలిపి 1200 హార్స్‌పవర్ అంటే గంటకు 228 లీటర్లు. లీటరు 97 రూపాయలు వేసుకున్నా గంటకు 22 వేలు. ముప్పై మందిని ఎక్కిస్తే మనిషికి ఏడువందల పైచిలుకు డీజిల్‌కే పోతుంది. పెట్రోల్ బోటన్న పేరే గానీ తాగేది డీజిల్, అదీ బిందెలతో. నెమ్మదిగా నడిపితే సరిపోదా అని అడుగుతారు. అంత పెద్ద ఇంజన్‌ను రోజూ పావు లోడు మీద నడిపితే మసి పట్టి, ఆయిల్ కక్కుతుంది. దానికితోడు వేగం కోసం కట్టిన అడుగు నెమ్మదిగా పోయేటప్పుడు ఊరికే ఊగుతుంది, తిన్నగా పోదు.

మేము రెండూ పీకేసి 120 హార్స్‌పవర్‌వి రెండు పెట్టాం. ఎనిమిది తొమ్మిది నాట్లు, అంటే గంటకు పదిహేను పదహారు కిలోమీటర్లు పోతుంది, చాలు. అయితే ఇక్కడో చిక్కుంది. కింద ఉన్న బరువు తీస్తే బోటు తేలికవుతుంది, మంచిదేగా అనుకున్నాం. స్టెబిలిటీ లెక్కలకు పిలిచిన నేవల్ ఆర్కిటెక్ట్ కుర్రాడు మా మాట వింటూ ఏమీ అనలేదు. తాపీమేస్త్రి గుండు ఒకటి తెమ్మన్నాడు. దాన్ని కేబిన్ కప్పు నుంచి మీటరున్నర దారంతో వేలాడదీశాడు. ఊగకుండా గుండును కాలిన ఇంజనాయిల్ ఉన్న బకెట్లో ముంచాడు. దారం వెనక స్కేలు కట్టాడు. కాటా వేయించిన యాభై కిలోల ఇసుక బస్తాలు నాలుగు ఎడమ పక్కన పెట్టించి, తర్వాత కుడి పక్కకు మోయించాడు. దారం స్కేలు మీద తొమ్మిది సెంటీమీటర్లు జరిగింది, అంటే బోటు అంత వాలింది. మోసింది రెండువందల కిలోలే, నలుగురు మనుషుల బరువు కూడా కాదు. పైన షెడ్డు వేసి, కుర్చీలు బిగించి, ముప్పై మందిని కూర్చోబెట్టి, వాళ్లంతా ఫోటో కోసం ఒక పక్కకు లేస్తే డెక్కు అంచు ఎక్కడుంటుందో కాగితం మీద గీసి చూపించాడు. నీళ్లలో ఉంది.

2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర బోటు బోల్తా పడితే 22 మంది పోయారు. ఎక్కువమంది మీ ఒంగోలు వాళ్లే, మా నెల్లూరు వాళ్లూ ఉన్నారు. ఆ బోటుకు అనుమతి లేదు. ఆర్కిటెక్ట్ గీసిన కాగితం చూసిన రాత్రి మా బావ అన్నం తినలేదు. టూరిస్టుల ఆలోచన అక్కడే వదిలేశాం.

మామూలుగా పన్నెండు మందికి మించి ప్రయాణికులను ఎక్కిస్తే దాన్ని ప్యాసింజర్ నౌకగా చూస్తారు, నియమాలన్నీ మారిపోతాయి. ఆ గీతకు ఇవతల ఉండేలా పనిబోటుగా కాగితాలు పెట్టుకున్నాం. రెండేళ్లు పట్టింది. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు. నదులూ కాలువల బోట్లకు 2021 నాటి చట్టం వేరే ఉంది. అందుకని మా పాత ఫైలు నకలు మీకు పనికిరాదు, బోట్లను తనిఖీ చేసే సర్వేయర్ దగ్గరికి ముందే వెళ్లండి. "ముందే" అంటే డబ్బు కట్టకముందు.

విదేశాల వీడియోలు చూసి అడుగుతున్నట్టున్నారు. సముద్ర పరిశోధకుడు కూస్తో గారి ఓడ కలిప్సో కూడా పాత యుద్ధనౌకే కదా అంటారు. అది 1942లో అమెరికాలో కట్టిన చెక్క మైన్‌స్వీపర్. నిదానంగా నడిచేది. యుద్ధం అయ్యాక మాల్టాలో ఫెర్రీగా తిరిగింది. 1950లో ఒక ధనవంతుడు కొని కూస్తోకు ఏడాదికి ఒక ఫ్రాంకు అద్దెకు ఇచ్చాడు. మనకు ఆ ధనవంతుడు ఎక్కడ దొరుకుతాడు?

సముద్రం సంగతి చివరికి మిగిలింది. మా బోటు నీళ్లలో మీటరుకు పైగా దిగుతుంది. ఉప్పుటేరు మొగ దగ్గర ఇసుక మేట వేస్తే పాటు సమయంలో నడుము లోతు కూడా ఉండదు. అక్కడ బోటు నడిపే సరంగు ఒకడు మొదటి రోజే చెప్పాడు, "అన్నా, ఇది లోపలికి రావాలంటే సముద్రాన్ని కొంచెం పైకెత్తాల" అని. గుజరాత్ అలంగ్‌లో పోటుకూ పాటుకూ పది మీటర్ల దాకా తేడా ఉంటుంది. అందుకే అక్కడ ఓడలను తెచ్చి ఒడ్డున పడేయగలరు. మన తీరంలో ఆ తేడా మహా అయితే ఒకటిన్నర మీటరు. రెండుసార్లు ఇరుక్కుని, ఫైబర్ బోట్లవాళ్లు తాళ్లు కట్టి లాగితే బయటపడ్డాం.

ఆ ఫైబర్ బోట్లవాళ్లే మొదట్లో మమ్మల్ని చూసి పారిపోయారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రోజుల్లో ట్రయల్‌కు బయలుదేరాం, ఇంకా బూడిద రంగు మార్చలేదు. దూరం నుంచి చూసి గస్తీ వచ్చిందనుకుని రెండు బోట్లు వలలు అక్కడే వదిలేసి పరుగో పరుగు. మేము తిరిగి వచ్చేసరికి గట్టు మీద మెరైన్ పోలీసులు మా కోసం నిలబడి ఉన్నారు. మర్నాడే నారింజ రంగు వేయించాం. మీరు ఏది కొన్నా, నీళ్లలో దించకముందే రంగు మార్చండి.

మొత్తం ఖర్చు 38 లక్షలు దాటింది. అందులో బోటు ధర పావు వంతు లోపే. ఇప్పుడది డైవర్లనూ తాళ్లనూ మోస్తూ ఒక కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తోంది. వడ్డీ వస్తోంది, అసలు ఇంకా రాలేదు. మళ్లీ కొనాల్సి వస్తే పోర్టులు అమ్మేసే పాత పైలట్ లాంచీ (ఓడలకు దారి చూపే పైలట్‌ను తీసుకెళ్లే బోటు) చూస్తాను. ధర ఎక్కువే, కానీ రిజిస్ట్రేషనూ, బోటు నాణ్యతను తనిఖీ చేసి ఇచ్చే క్లాస్ సర్టిఫికెట్లూ ఉంటాయి, ఇంజన్లు మనం భరించగలిగేవి ఉంటాయి.

మీ కొత్తపట్నం గురించి ఒక మాట. అక్కడ ఫైబర్ బోట్లను పదిమంది పట్టి ఇసుక మీదికి లాక్కుంటారు. తొమ్మిది టన్నులది అలా లాగలేరు, తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి దాన్ని ఎక్కడ కడతారో ముందు ఆ చోటు చూసుకోండి. ఈలోగా మీరు చూసిన లాటు నోటీసు ఉంటే షరతుల పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి. తనిఖీ రోజు చెన్నైలోనైతే బావ వస్తానంటున్నాడు, గేజ్ మాది ఉంది. ఆయన్ను మాత్రం బోటు ముక్కు దగ్గర ఒంటరిగా వదలకండి.