ముద్ర ఒక ఎత్తు, మడత ఒక ఎత్తు

బిడ్డా,

సర్పంచ్ ఎన్నికకు ఊరికి వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అసెంబ్లీకి, పార్లమెంటుకి నువ్వు మిషన్ మీదే ఓటేశావు. తెలంగాణలో పంచాయతీకి మాత్రం ఇంకా కాగితమే. మిషన్‌లో చెల్లని ఓటంటూ పడదు, కాగితంలో పడుతుంది. బడిపంతులుగా పోలింగ్ డ్యూటీలు చేసి, కౌంటింగ్ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి ఇంతగా చెప్తున్నా.

పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకానే. సాయంత్రం దాకా ఉంటుందిలే అని నింపాదిగా బయల్దేరకు. కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు, లిస్టులో పేరుండాలి. అది ముందే చూసుకో. ఫోన్ ఇంట్లో పెట్టి రా.

లోపల నీ పేరు గట్టిగా చదువుతారు. అభ్యర్థుల తరఫున కూర్చున్న ఏజెంట్లు వినాలనే అలా చేస్తారు, ఇబ్బంది పడకు. వేలికి సిరా పెట్టి, కౌంటర్‌ఫాయిల్ (బ్యాలెట్ చింపాక పుస్తకంలో మిగిలే ముక్క) మీద సంతకం తీసుకుని రెండు బ్యాలెట్లు ఇస్తారు. గులాబీది సర్పంచ్‌కి, తెల్లది వార్డు సభ్యుడికి. వెనక ప్రిసైడింగ్ ఆఫీసర్ (ఆ పోలింగ్ కేంద్రం పెద్ద) సంతకం ఉందో లేదో చూసుకో. లేకపోతే అక్కడే అడుగు, మొహమాటపడకు.

బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్లుండవు. పార్టీ గుర్తులూ ఉండవు. కత్తెర, ఉంగరం, ఫుట్‌బాల్ లాంటివే ఉంటాయి. నీకు నచ్చిన మనిషి గుర్తేదో ఇంటి దగ్గరే తెలుసుకుని పో.

స్వస్తిక్ ముద్ర ఒక్క గుర్తు మీద, ఒక్కసారే, గడి మధ్యలో వేయి. గీత మీద పడి ఎవరికేశావో తేలకపోతే ఆ ఓటు పోయినట్టే. వేలిముద్ర, పెన్నుతో టిక్కు చెల్లవు. కొందరు అభిమానం కొద్దీ పక్కన సంతకం కూడా పెడతారు, దానివల్ల కూడా ఓటు చెల్లకుండా పోతుంది. పొరపాటున కాగితం పాడైతే పెట్టెలో వేయకుండా ఆఫీసర్‌కి తిరిగి ఇచ్చి ఇంకొకటి అడుగు.

ఇక మడత. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. ముందే అడ్డంగా మడిస్తే తడి సిరా పక్క అభ్యర్థి గడిలో అంటుకుంటుంది. స్వస్తిక్ అయితే అంటుకున్నది తిరగబడి కనిపిస్తుంది కాబట్టి అసలు ముద్రేదో పోల్చుకోవచ్చు. కానీ నాలుగు ఓట్ల తేడా ఉన్నచోట ఏజెంట్లు ఊరుకుంటారా? ఆ ఒక్క కాగితం మీద అరగంట వాదిస్తారు.

నీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారంటే గొడవపడి వెనక్కి రాకు. టెండర్డ్ ఓటు అడుగు. నువ్వు నువ్వేనని రుజువు చూపిస్తే బ్యాలెట్ ఇస్తారు, దాన్ని పెట్టెలో వేయరు, వేరే కవర్లో పెడతారు.

మధ్యాహ్నం 2 గంటలకు లెక్కింపు మొదలవుతుంది, ఫలితం చూసుకునే బస్సెక్కు. ఎవరికేశావో నేనడగను. మీ నానమ్మ అడుగుతుంది, ఆమెకూ చెప్పకు.

మీ తాత